బొమ్మ రావడం వేరు, కామిక్ రావడం వేరు

ఫోటో ఎదురుగా పెట్టుకుని గీస్తే నాకు పోలిక బాగానే వచ్చేది. గళ్లు గీసి పెద్దది చేయడం, పెన్సిల్‌తో మెత్తగా నీడలు దిద్దడం, కంటిపాపలో తెల్లచుక్క వదలడం అన్నీ చేతనయ్యేవి. కామిక్ మొదలుపెట్టడానికి ఇక కథ ఒక్కటే తక్కువ అనుకున్నాను. కథా దొరికింది. ఓ అమ్మాయి, వాళ్ల తాతయ్య, ఇంట్లో ఎక్కడో పోయిన తాళంచెవి. రెండు పేజీల్లో అయిపోయే చిన్న సంగతి.

మొదటి ప్యానెల్‌లో, అంటే పేజీలో మొదటి బొమ్మగడిలో, అమ్మాయి ముద్దుగా కుదిరింది. రెండో దాంట్లో తల పక్కకు తిప్పాల్సి వచ్చేసరికి ముక్కు మారిపోయింది. మూడో ప్యానెల్‌లో మంచం కిందికి వంగి చూస్తున్న పిల్ల ఎవరో నాకే తెలియలేదు. నాలుగో దానికి వచ్చేసరికి తాతయ్యకు పదేళ్లు తగ్గాయి. జడ చూసి, గౌను చూసి ఆ అమ్మాయే అనుకోవాలి తప్ప ముఖం చూసి ఎవరూ గుర్తుపట్టలేరు.

ఫోటో చూసి గీసేటప్పుడు కోణం, వెలుగు, కొలతలు అన్నీ కెమెరా ముందే తేల్చిపెడుతుంది. మనం చేసేది ఎత్తిరాయడం. ఆ పనికీ ఓపిక కావాలి, కాదనను. కానీ కామిక్‌లో లోకంలో ఎక్కడా లేని మనిషిని ఏ వైపు నుంచైనా, ఏ పని చేస్తున్నా, కోపంలో ఉన్నా నిద్రలో ఉన్నా అదే మనిషి అనిపించేలా మళ్లీ మళ్లీ గీయాలి. అది వేరే విద్య. దానికోసం నేనేం చేశానో, ఏది పనికొచ్చిందో, దేనిమీద టైం ఊరికే పోయిందో ఇక్కడ రాస్తున్నాను.

ఆ రెండు పేజీలనూ చింపెయ్యలేదు. ఎదురుగా పెట్టుకుని, ఏవి రాలేదో ఒక కాగితం మీద రాసుకున్నాను. తల తిప్పితే ముఖం మారిపోతోంది. నిలబడ్డవాళ్లు బిగుసుకుపోయి ఉన్నారు. చేతులన్నీ జేబుల్లోకో వీపు వెనక్కో పోయాయి. మంచం ఒకవైపు వాలుతోంది, నేల ఇంకోవైపు వాలుతోంది. చోటు చాలక మాటలు రాసే బెలూన్లు తలలమీదికి ఎక్కాయి. ఆ కాగితమే నా సిలబస్ అయింది. అనాటమీ పుస్తకం మొదటి పేజీ నుంచి పట్టుకుని కండరాల పేర్లు బట్టీపట్టే పద్ధతి కొందరికి సరిపడుతుందేమో. నాకు మాత్రం ఆగిపోయిన చోటు నుంచి నేర్చుకుంటేనే ఒంటబట్టింది.

ముందు తల సంగతి. ఆండ్రూ లూమిస్ అనే అమెరికన్ ఇలస్ట్రేటర్ 1939 నుంచి వరసగా డ్రాయింగ్ పాఠాల పుస్తకాలు రాశాడు. ఆయన చూపిన పద్ధతినే ఇప్పటికీ ఎక్కువమంది నేర్పుతున్నారు. తలను ముందు బంతిలా గీస్తారు. మన తల పక్కలు అంత గుండ్రంగా ఉండవు కాబట్టి ఆ బంతికి రెండు పక్కలా కొంచెం చెక్కేసి చదును చేస్తారు. బంతి చుట్టూ అడ్డంగా ఒక గీత, అది కనుబొమల వరస. నిలువుగా ఇంకో గీత, అది ముఖానికి నడిమధ్య. ఆ మధ్యగీత వెంటే కిందికి దవడ తగిలిస్తారు. బంతిని ఎటు తిప్పితే గీతలు అటు వంపు తిరుగుతాయి. కళ్లూ ముక్కూ నోరూ ఆ గీతల వెంట నడుస్తాయి.

కొలతలు కొన్ని గుర్తుంటే చాలు. కళ్లు తల ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉంటాయి. కొత్తలో అందరం కళ్లను నుదుటిమీదికి ఎక్కించేస్తాం, జుట్టు కింద ఉన్న పుర్రెను లెక్కలోకి తీసుకోం కాబట్టి. ఎదురుగా చూస్తే తల వెడల్పులో సుమారు ఐదు కళ్లు పడతాయి, రెండు కళ్ల మధ్య ఒక కంటి ఖాళీ. చెవి కనుబొమకూ ముక్కు అడుగుకూ మధ్య ఉంటుంది. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమ, అక్కణ్ణుంచి ముక్కు అడుగు, అక్కణ్ణుంచి గడ్డం, మూడూ ఇంచుమించు సమానం.

ఇదంతా చదవడానికి ఐదు నిమిషాలు పట్టదు, చేతికి రావడానికే నెలలు. నేను చేసిందేమిటంటే, చాలా రోజులు ముఖాలు గీయడమే మానేశాను. ఉత్త బంతి, రెండు గీతలు, దవడ. అంతే. పేజీ నిండా పైకి చూసే తలలు, కిందికి చూసే తలలు, భుజం మీదుగా వెనక్కి చూసే తలలు. తల పైకెత్తితే కనుబొమల గీత పైకి వంపు తిరుగుతుంది, చెవులు కళ్లకన్నా కిందికి దిగుతాయి, దవడ అడుగు కనిపిస్తుంది. తల దించితే గీత కిందికి వంగుతుంది, చెవులు పైకి పోతాయి, నడినెత్తి పెద్దదవుతుంది. చెవులు ఎక్కడ పెట్టామన్న ఒక్క విషయం మీదే తల ఎటు వంగిందో సగం తెలిసిపోతుంది. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ అంత గట్టిగా తగల్లేదు, గీస్తుంటేనే పట్టుబడింది.

అయితే బంతి పద్ధతి తలను తిప్పిపెడుతుంది కానీ పోలికను కాపాడదు. దానికి పాత్రనే మార్చుకోవాల్సి వచ్చింది. నా అమ్మాయిది ఫోటోలో అమ్మాయిలాంటి ముఖం. అన్నీ ఉన్నాయి, గుర్తుపెట్టుకోవడానికి ఏదీ లేదు. ఆమెకు గుండ్రటి ముఖం, దట్టమైన కనుబొమలు, పైకి తిరిగిన బుల్లి ముక్కు, ముందుపళ్ల మధ్య సందు పెట్టాను. తాతయ్యకు నిలువుపాటి ముఖం, పెద్ద చెవులు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. తర్వాత ఇద్దరినీ లోపలంతా నల్లగా నింపేసి చూశాను. ఆ నల్లటి ఆకారాలు చూసి ఎవరు ఎవరో చెప్పగలిగితే పాత్రలు విడిపోయినట్టే. ఈ పరీక్షలో తాతయ్య పాసయ్యాడు, అమ్మాయి కాలేదు. జడను రెండు జడలు చేశాక పాసయింది.

నీడలు దిద్దే అలవాటును కూడా ఇక్కడే వదులుకోవాల్సి వచ్చింది. ప్రతి ముడతా దిద్దిన ముఖాన్ని ఇరవై ప్యానెల్స్‌లో మళ్లీ గీయడం ఎవరివల్లా కాదు. బాపు గీసిన ముఖం ఏదైనా ఒకటి తీసుకుని అందులో ఎన్ని గీతలున్నాయో చూడండి. చాలా తక్కువ ఉంటాయి. అయినా ఎవరు అలిగారో, ఎవరు లోపల్లోపల నవ్వుకుంటున్నారో తెలిసిపోతుంది. గీత తగ్గేకొద్దీ ఉన్న గీతమీద బాధ్యత పెరుగుతుంది. అందుకే తక్కువ గీతల బొమ్మ తేలిక అనుకునేవాళ్లంటే నాకు ఇప్పుడు కొంచెం కోపం.

పాత్ర తేలాక ఒక షీట్ తయారుచేశాను. ఎదురు నుంచి, ముప్పావు వైపు నుంచి (ఎదురుకూ పక్కకూ మధ్య కోణం), పక్క నుంచి, వెనక నుంచి ఒకే ఎత్తులో నాలుగు బొమ్మలు. తలపైన, కళ్ల దగ్గర, భుజం దగ్గర, నడుము దగ్గర అడ్డగీతలు లాగితే నాలుగింటిలోనూ అవి ఒకే చోట పడాలి. కింద కోపం, ఆశ్చర్యం, విసుగు, ఏడుపు ముఖాలు. తాతయ్య పక్కన అమ్మాయి ఎంత ఎత్తు వస్తుందో చూపించే బొమ్మ ఒకటి. గీసేటప్పుడు బోరు కొట్టింది. తర్వాత ప్రతి పేజీకీ అదే కాపాడింది.

ఇక శరీరాలు. నా మనుషులు బిగుసుకుపోవడానికి కారణం, నేను అంచుగీతతో మొదలుపెట్టేదాన్ని. మెడ దగ్గర మొదలుపెట్టి భుజం, చెయ్యి, నడుము అంటూ చుట్టూ తిరిగివచ్చేదాన్ని. అలా గీస్తే ఒక్కో భాగం దానికదే బాగుంటుంది, మొత్తంగా మనిషి కదలడు. దీనికి మందు జెశ్చర్ డ్రాయింగ్. టైమర్ పెట్టుకుని ముప్పై సెకన్లలో, నిమిషంలో, రెండు నిమిషాల్లో ఒక భంగిమ గీయాలి. అంత తక్కువ టైంలో అంచులు గీయడం కుదరదు కాబట్టి చేసే పనినే గీయాల్సి వస్తుంది. తల నుంచి కాలిదాకా శరీరం అంతా ఏ వంపులో సాగుతోందో ముందు ఒకే గీతలో పట్టుకోవాలి. ఆ తర్వాత భుజాల వాలు, తుంటి వాలు. బరువు ఎక్కడుందో ఆ తర్వాత.

బరువు గురించి కొంచెం ఆగి చెప్పాలి, నా బొమ్మలు ఎక్కువ మారింది ఇక్కడే. మనిషి ఒక కాలిమీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది. భుజం మాత్రం ఆ వైపు కిందికి దిగుతుంది. రెండు వాలులూ ఒకదానికొకటి ఎదురు. గొంతు కింద గుంట ఉంటుందే, అక్కణ్ణుంచి తిన్నగా కిందికి గీత లాగితే అది బరువు మోస్తున్న పాదం దగ్గర పడుతుంది. పడకపోతే మనిషి తూలిపోతున్నట్టు, లేదా దేనికో ఆనుకున్నట్టు కనిపిస్తాడు. నా మొదటి పేజీల్లో అందరూ రెండు కాళ్లమీదా సమానంగా బరువు వేసి, భుజాలు స్కేలుతో గీసినట్టు నిలబడి ఉన్నారు. మనుషులు అలా నిలబడేది గ్రూప్ ఫోటోల్లోనే.

మోడల్స్ కోసం ఎక్కడికీ పోలేదు. ఆటల వీడియోలు మధ్యలో ఆపి గీశాను. ఫోన్ కెమెరాకు టైమర్ పెట్టి నేనే మంచం కిందికి వంగాను, నేనే నిచ్చెన ఎక్కినట్టు చెయ్యి పైకి చాచాను. కానీ ఫోటోలో ఉన్నది ఉన్నట్టు దింపితే కామిక్‌లో చప్పబడుతుంది. నిజంగా వంగినదానికన్నా ఇంకాస్త వంచాలి, చాచిన చెయ్యి ఇంకాస్త చాచాలి. ముందు ఫోటో చూసి ఒకటి, ఆపైన ఫోటో మూసేసి దాన్నే పెంచి ఇంకొకటి గీసేదాన్ని. రెండోదే ఎప్పుడూ పేజీలోకి వెళ్లేది.

వంపు పట్టుబడ్డాక ఛాతీని ఒక పెట్టెగా, తుంటిని ఇంకో పెట్టెగా, కాళ్లూచేతులను గొట్టాలుగా గీయడం నేర్చుకున్నాను. మామూలు పెద్దమనిషి ఎత్తు తన తలకు ఏడున్నర రెట్లు, వీరులను గీసేవాళ్లు ఎనిమిదికి పైనే పెడతారు, చిన్నపిల్లలు నాలుగైదు తలలు. నా అమ్మాయికి ఐదు తలలు పెట్టి ఆ లెక్కను షీట్‌మీద రాసుకున్నాను. అంతకుముందు ప్యానెల్ ఖాళీని బట్టి పెరిగేది, తగ్గేది.

చేతులు అందరికీ తలనొప్పే. దాక్కోబెట్టడం మానేసి, ముందు వేళ్లన్నీ కలిపి ఒకే ముద్దగా, బొటనవేలు విడిగా గీయడం మొదలుపెట్టాను. అరచెయ్యి ఒక మందపాటి పలక. నడివేలు చేతి వెనకవైపు నుంచి చూస్తే మణికట్టు నుంచి వేలికొసదాకా ఉన్న పొడవులో ఇంచుమించు సగం. వేళ్ల కణుపులు తిన్నటి గీతమీద ఉండవు, వంపుగా ఉంటాయి. వేళ్లు చాపి ముఖంమీద పెట్టుకుంటే చెయ్యి గడ్డం నుంచి నుదుటిదాకా వస్తుంది. కొత్తవాళ్లు గీసే చేతులు అందుకే దాదాపు అన్నీ చిన్నవి. ఇంకో మాట. కామిక్‌లో చెయ్యి ఖాళీగా ఉండటం కన్నా ఏదో ఒకటి పట్టుకుని ఉంటే గీయడమూ తేలిక, పాత్రా బతుకుతుంది. మా తాతయ్య చేతిలో టార్చిలైటు అలా వచ్చిందే.

పర్‌స్పెక్టివ్, అంటే దూరం దగ్గరలను కాగితంమీద చూపించే పద్ధతి, అనగానే నాకు టెన్షన్. స్కేలు, బిందువులు, కాగితం బయటిదాకా పోయే గీతలు... లెక్కల పీరియడ్ గుర్తొచ్చేది. చివరికి నాకు రోజూ పనికొచ్చేది అందులో ఒక్క ముక్కే: హొరైజన్ లైన్ అంటే చూసేవాళ్ల కంటి ఎత్తు. ఇది ఒంటబడితే మిగతాది అవసరాన్ని బట్టి నేర్చుకోవచ్చు. ఒకే నేలమీద, ఒకే ఎత్తున్న మనుషులు ఎంత దూరంలో నిలబడ్డా హొరైజన్ లైన్ అందరినీ ఒకే చోట కోస్తుంది. దగ్గరివాడికి ఛాతీ దగ్గర తగిలితే దూరంగా ఉన్నవాడికీ ఛాతీ దగ్గరే తగలాలి. మన కన్నూ వాళ్ల కన్నూ ఒకే ఎత్తులో ఉంటే అందరి కళ్లూ ఆ గీతమీదే వరసగా ఉంటాయి, వెనకవాళ్ల కాళ్లు మాత్రం పైకి పోతాయి. ఈ ఒక్క నియమంతో నా మనుషులు గాల్లో తేలడం ఆగింది.

గీతను ఎక్కడ పెడతామన్నది కథ చెప్పడంలో భాగం కూడా. నేలకు దగ్గరగా పెడితే నిలబడ్డవాళ్లు ఎత్తుగా, కొంచెం భయపెట్టేలా కనిపిస్తారు. పైన పెడితే నేల ఎక్కువ కనిపించి మనిషి చిన్నవాడవుతాడు. తాళంచెవి కోసం అమ్మాయి నేలమీద పాకుతున్న ప్యానెల్స్‌లో గీతను కిందికి దించాను. కుర్చీ కాళ్లు స్తంభాల్లా లేచాయి. తాతయ్య చెప్పులే ప్యానెల్ సగం ఆక్రమించాయి. వానిషింగ్ పాయింట్లు, అంటే దూరంగా పోయే గీతలు కలిసే బిందువులు, మరీ దగ్గరగా పెడితే పెట్టెలు, అల్మరాలు సాగదీసినట్టు వికారంగా వస్తాయి. వాటిని కాగితం బయటికి, వీలైనంత దూరంగా తోసెయ్యాలి. డిజిటల్‌లో గీసేవాళ్లకు క్లిప్ స్టూడియో పెయింట్‌లో, ఉచితంగా దొరికే క్రితాలో ఇందుకు రూలర్లున్నాయి. కానీ గీతను ఎక్కడ పెట్టాలో రూలర్ చెప్పదు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ లాభం చేసింది గది ప్లాన్. పైనుంచి చూసినట్టు గది పటం గీసుకుని తలుపు ఏ గోడకుంది, మంచం ఎక్కడ, అల్మరా ఎక్కడ గుర్తుపెట్టడం. ప్రతి ప్యానెల్‌కూ మనం ఎక్కడ నిలబడి ఎటు చూస్తున్నామో ఆ పటంమీద ఒక బాణం వేసి ప్యానెల్ నంబర్ రాస్తాను. మంచం వెనక కిటికీ రావాలా, అల్మరా రావాలా అన్న సందేహమే ఉండదు. సినిమావాళ్లు చెప్పే 180 డిగ్రీల నియమం కూడా ఈ పటంమీద కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మాట్లాడుకునే ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకుని బాణాలన్నీ ఆ గీతకు ఒకే పక్క ఉంచితే అమ్మాయి ఎప్పుడూ ఎడమవైపు, తాతయ్య ఎప్పుడూ కుడివైపు ఉంటారు. గీత దాటితే ఇద్దరూ చోట్లు మారినట్టు కనిపించి చదివేవాళ్లు తికమక పడతారు. దాటాలంటే మధ్యలో ఎవరో నడిచి అవతలికి వెళ్లినట్టు ఒక ప్యానెల్ ఉండాలి.

అన్ని ప్యానెల్స్‌కూ వెనక గదంతా గీయక్కర్లేదని తెలిసినరోజు ప్రాణం లేచొచ్చింది. పేజీకి ఒక ప్యానెల్‌లో చోటంతా చూపిస్తే, మిగతావాటిలో కిటికీ మూలో మంచం కోడో చాలు. కొన్నిటిలో ఏమీ లేకపోయినా ముఖం ఇంకా బాగా కనిపిస్తుంది.

పేజీ విషయానికొస్తే, అసలు కాగితంమీద చెయ్యి పెట్టేముందు అగ్గిపెట్టెంత పేజీలు గీస్తాను. థంబ్‌నెయిల్స్ అంటారు. మనుషులు ఉత్త పుల్లబొమ్మలు, బెలూన్లు ఉత్త సున్నాలు. ఒకే పేజీని మూడు నాలుగు రకాలుగా గీసి చూస్తే మొదట తోచినది చాలాసార్లు ఓడిపోతుంది. మొదట తోచేది అన్ని ప్యానెల్స్‌లోనూ నడుము పైభాగం, ఇద్దరూ ఎదురెదురు, మధ్యలో మాటలు. ఎక్కడ దూరం నుంచి చూపాలి, ఎక్కడ తాళంచెవి మాత్రమే చూపాలి అన్నది ఈ సైజులోనే తేల్చుకోవాలి. పెద్ద కాగితంమీద కష్టపడి గీశాక ప్యానెల్ తీసెయ్యడానికి మనసొప్పదు.

బెలూన్లకు చోటు కూడా ఇక్కడే. ముందు మాట్లాడేవాళ్ల బెలూన్ ఎడమన, పైన ఉండాలి. మన కన్ను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పోతుంది కాబట్టి ముందు మాట్లాడే మనిషిని ఎడమవైపు నిలబెడితే సగం గొడవ వదిలిపోతుంది. లేకపోతే బెలూన్ తోకలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

తెలుగులో కామిక్ వేసేవాళ్లకు ఇంకో చిక్కుంది, ఇంగ్లిష్ పాఠాల్లో దీని మాటే ఉండదు. వాళ్ల బెలూన్లలో అన్నీ పెద్దబడి అక్షరాలే, వరస వరసా ఒకే ఎత్తు, దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. పై వరస ఒత్తు కింది వరస గుడితో ఢీకొంటుంది. వరసల మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి, అంటే బెలూన్ పెరుగుతుంది, అంటే బొమ్మకు చోటు తగ్గుతుంది. పైగా మన మాటలు పొడుగు. ‘వెతుకుతున్నాననుకుంటున్నావేమో’ లాంటి మాట ఒక్కటొస్తే బెలూన్ అడ్డంగా సాగిపోతుంది, విరిస్తే చదవడానికి బాగుండదు. నేను రెండు పనులు చేస్తాను. డైలాగును వీలైనంత కోస్తాను. థంబ్‌నెయిల్ తర్వాత, పెన్సిల్ బొమ్మకన్నా ముందే, అసలు సైజులో అక్షరాలు రాసి బెలూన్ ఎంత వస్తుందో చూస్తాను. ఫాంట్ వాడేవాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లో ‘క్ష్మి’, ‘స్త్రీ’ లాంటివి విరగకుండా వస్తున్నాయో లేదో మొదటి రోజే చూసుకోవాలి. కొన్నిటిలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి.

ఇంకింగ్, అంటే పెన్సిల్ బొమ్మమీద సిరాతో గీయడం, గురించి ఎక్కువ చెప్పను, నాకింకా చెయ్యి తిరగలేదు. మణికట్టుతో చిన్న గీతలు, మోచెయ్యీ భుజమూ కదిలించి పొడుగు గీతలు. ముందు గీత ఎక్కడ ఆగాలో చూసుకుని ఒక్క ఊపులో లాగడం, వెంట్రుకల్లా చిన్న చిన్న గీతలు అతికించకపోవడం. దగ్గరి వస్తువుల అంచు లావు, దూరంవి సన్నం. నల్లగా నింపే చోట్లు ముందే నిర్ణయించుకుంటే పేజీకి బరువు వస్తుంది, లేకపోతే అంతా ఒకే బూడిదరంగులా ఉంటుంది.

ఒక సాంకేతిక విషయం మాత్రం ముందే తెలిసి ఉంటే బాగుండేది. కామిక్‌ను అచ్చయ్యే సైజుకన్నా పెద్దగా గీస్తారు. అమెరికన్ కామిక్ పేజీలను మామూలుగా 11×17 అంగుళాల బోర్డుమీద వేసి తర్వాత తగ్గిస్తారు. నేను ఏ3లో గీసి ఏ4కు తగ్గిస్తాను, అంటే సుమారు 71 శాతానికి. తగ్గించినప్పుడు చెయ్యి వణికిన గీతలు కొంచెం సర్దుకుంటాయి, కానీ మరీ సన్నటి గీతలు మాయమవుతాయి, దగ్గరదగ్గర గీతలు కలిసి మచ్చలవుతాయి. డిజిటల్‌లో నలుపు తెలుపు గీతలకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క), రంగు పేజీకి 300 పెట్టుకుంటే తర్వాత అచ్చుకు ఇబ్బంది ఉండదు. పెన్నులు, నిబ్బులు, టాబ్లెట్లు ఏవి మంచివన్న చర్చల్లో నేను గడిపిన సాయంత్రాలకు మాత్రం లెక్కలేదు. ఒక్క గీతా బాగుపడలేదు.

కాపీ చేయడం తప్పా అని చాలామంది అడుగుతారు. నేర్చుకోవడానికి చేస్తే తప్పులేదనే నా అభిప్రాయం, ట్రేసింగ్‌తో సహా. కాకపోతే అంచులను ట్రేస్ చేస్తే చేతికేమీ అంటదు. నచ్చిన ప్యానెల్‌మీద పలచటి కాగితం పెట్టి, దాని కింద ఉన్న బంతి ఎక్కడ, పెట్టెలు ఎక్కడ, హొరైజన్ లైన్ ఎక్కడ అని వెతికి గీస్తాను. తర్వాత అసలుదాన్ని మూసేసి జ్ఞాపకం మీద మళ్లీ గీస్తాను. రెండూ పక్కన పెట్టుకుంటే నాకు తెలిసిందేదో, తెలిసినట్టు భ్రమపడిందేదో విడిపోతాయి. ఆ కాగితాలు స్కెచ్‌బుక్‌లోనే ఉండాలి. ఇంకొకరి ప్యానెల్ దింపి నా పేరుతో బయటపెడితే దాన్ని ఇంకేదో అంటారు.

స్టైల్ గురించి దిగులు పడటం కూడా కొన్నాళ్లు జరిగింది. ఒకరోజు జపాన్ కామిక్స్‌లోలా మాంగా కళ్లు, ఇంకోరోజు లావుపాటి బ్రష్ గీతలు. పేజీలు పూర్తవుతున్నకొద్దీ ఆ దిగులు దానంతటదే పోయింది, ఎందుకంటే అమ్మాయి ముక్కు ఎలా గీస్తే తొందరగా, ప్రతిసారీ ఒకేలా వస్తుందో అదే నా స్టైల్‌గా మిగిలింది.

చూపించేటప్పుడు ‘బొమ్మలెలా ఉన్నాయి’ అని అడగడం మానేశాను. బాగున్నాయంటారు, సాయంత్రందాకా సంతోషం, అంతే. ఇప్పుడు పేజీ చేతికిచ్చి చదవమని, ఏం జరిగిందో నాకు కథగా చెప్పమంటాను. పక్కన కూర్చుని కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో, ఏ ప్యానెల్ నుంచి వెనక్కి వెళ్తున్నాయో చూస్తాను. వివరించాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోవడమే కష్టం. ఒకాయన తాతయ్య తాళంచెవి దాచేశాడనుకున్నాడు. నేను గీసింది తాతయ్య జేబు తడుముకోవడం! ఆ ప్యానెల్‌లో చెయ్యి జేబులోకి వెళ్తోందో, జేబులోంచి వస్తోందో నిజంగానే తెలియడం లేదు. మోచెయ్యి ఇంకా వెనక్కి లాగి, జేబు లోపలి బట్టను బయటికి తీసి చూపించాక ఇంకెవరికీ ఆ అనుమానం రాలేదు.

అభ్యాసానికి నేను పెట్టుకున్న పద్ధతి మామూలుదే. కూర్చోగానే కాసేపు జెశ్చర్, తర్వాత సిలబస్ కాగితంలోంచి ఒక్క అంశం, మిగతా టైమంతా పేజీ. జెశ్చర్లు మాత్రమే గీస్తూ పోతే జెశ్చర్లే వస్తాయి. అలా స్కెచ్‌బుక్కులు నింపి, ఒక్క పేజీ కూడా పూర్తిచెయ్యనివాళ్లను చూశాను. పొడుగు కథలు ఎత్తుకోకపోవడం కూడా మంచిదే. ఒక పేజీ, రెండు పేజీలు, మహా అయితే నాలుగు. వంద పేజీల మహాకథలో పదో పేజీకి చెయ్యి మెరుగుపడితే మొదటి పేజీ సిగ్గనిపించి మళ్లీ మొదటికొస్తాం. చిన్న కథయితే ఆ సిగ్గు వచ్చేలోపే అయిపోతుంది, తర్వాతి కథ కొత్త చేత్తో మొదలవుతుంది.

ఇప్పుడు గీస్తున్న నాలుగు పేజీల కథలో ఒక రైల్వే ప్లాట్‌ఫాం, దానిమీద జనం ఉన్నారు. జనాన్ని హొరైజన్ లైన్ నియమంతో నిలబెట్టగలిగాను. ముందువరసలో ముగ్గురిని పూర్తిగా, వెనకవాళ్లను తలలూ భుజాల ఆకారాలుగా గీస్తే సరిపోయింది. కుదరనిది బట్టలు. చీర కొంగు, లుంగీ ముడి, మడిచిన చొక్కా చేతులు. గుడ్డ ఎక్కడ పట్టి ఉందో, అంటే భుజం, మోచెయ్యి, మోకాలు లాంటి చోట్ల నుంచి ముడతలు బయల్దేరతాయని తెలుసు. తెలిసినా నా ముడతలు ఇంకా ఎక్కడపడితే అక్కడ గీసిన గీతల్లాగే ఉంటున్నాయి. ప్రస్తుతానికి కుర్చీమీద ఒక తువ్వాలు వేసి రోజూ దాన్నే గీస్తున్నాను. రెండో పేజీ అది తేలేదాకా పెన్సిల్‌లోనే ఉంటుంది.